జీతం రెట్టింపవుతుందన్నప్పుడు: హైదరాబాద్‌లో టెక్ ఉద్యోగం ఎంచుకునేవారికి ఒక మార్గదర్శి

2019లో మాదాపూర్‌లోని ఒక చిన్న కంపెనీ నాకు అప్పటి జీతానికి దాదాపు రెట్టింపు ఇస్తామంది. ఆఫర్ లెటర్‌లో నా పని 'డేటా అనలిటిక్స్'. చేరిన రెండో వారంలో అసలు పని తెలిసింది. రుణ యాప్‌లో అప్పు తీసుకుని వాయిదా కట్టని మనిషి ఫోనులోంచి తీసుకున్న కాంటాక్టుల జాబితా మా దగ్గర ఉండేది. అందులో ఎవరికి ముందుగా ఫోను చేస్తే అతను త్వరగా కడతాడో అంచనా వేసే మోడల్ తయారు చేయాలి. 'అమ్మ', 'మేనేజర్ సార్', 'ఓనర్ ఆంటీ' అని రాసుకున్న పేర్లకు నేను మార్కులు వేశాను. ఎనిమిది నెలలు వేశాను. అంచనాలు బాగా కుదిరాయి, బోనస్ కూడా వచ్చింది. మానేసి ఏడాది తిరగకముందే, 2020 డిసెంబరులో, రుణ యాప్‌ల వేధింపులు భరించలేక తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు వరుసగా వచ్చాయి. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. ఆ వార్తల్లో నేను పనిచేసిన సంస్థ పేరు లేదు. అయినా ప్రతి వార్త దగ్గరా ఆగిపోయి, ఆ ఇంట్లో ఎవరి నంబరుకు ఎన్ని మార్కులు పడి ఉంటాయో అని ఆలోచించాను.

ఆఫర్ చేతికొచ్చిన రోజున నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనుకున్న విషయాలన్నీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను. పెద్ద జీతం తప్పని నేను అనను. ఎడ్యుకేషన్ లోన్ నెత్తిన పెట్టుకుని అమీర్‌పేటలో కోర్సు చేసి, ఎస్సార్ నగర్ హాస్టల్లో నలుగురితో గది పంచుకుంటున్న పిల్లవాడికి జీతం అంటే చెల్లెలి చదువు, నాన్న మోకాలి ఆపరేషన్. ఆ అవసరాన్ని చిన్నచూపు చూసే నీతి నాకు అక్కర్లేదు. అవసరం ఎంతో, పని వల్ల జరిగే కీడు ఎంతో, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం ఎలాగన్నదే ఇక్కడి ప్రశ్న.

మొదటి అడుగు: ఆఫర్ రాకముందే గీత గీసుకోండి

ఒక కాగితం తీసుకుని మూడు భాగాలు చేయండి. ఎంత ఇచ్చినా చేయని పనులు ఒకవైపు, ఫలానా షరతు ఉంటే చేసేవి మధ్యలో, అభ్యంతరం లేనివి మరోవైపు రాయండి. అంకె చూశాక రాస్తే ఈ కాగితం పనికిరాదు. ముప్పై లక్షలు అని చెవిన పడ్డ క్షణం నుంచి మనసు ఆ కంపెనీ తరఫున వాదించడం మొదలుపెడుతుంది. 'నేను కాకపోతే ఇంకొకరు చేస్తారు', 'నేనేమైనా ఫోన్లు చేస్తున్నానా, కోడ్ రాస్తున్నానంతే' అనే మాటలు నాకూ చాలా తేలిగ్గా దొరికాయి.

గీత ఎక్కడ గీయాలో ఇంకొకరు చెప్పలేరు. రక్షణ రంగమే తీసుకోండి. ఈ నగరంలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ప్రయోగశాలలు ఎన్నో ఉన్నాయి, అక్కడ పనిచేసినందుకు జీవితాంతం గర్వపడే కుటుంబాలు నాకు తెలుసు. ఆయుధం అన్న మాట వింటేనే చేయి వెనక్కి తీసుకునే స్నేహితులూ ఉన్నారు. ఇద్దరూ ఆలోచించి తేల్చుకున్నవారే. నా కాగితంలో మొదటి వరుస ఇది: అప్పులో ఉన్న మనిషి భయాన్ని వాడుకునే పని చేయను. రెండోది: డబ్బు పందెం ఆటలు. ముఖాలు గుర్తుపట్టే సాంకేతికత మధ్య గడిలో ఉంది. ఎవరి చేతికి, ఏ అనుమతితో వెళుతుందో తెలిస్తేనే చేస్తాను.

రంగం పేరు రాసి ఊరుకోవద్దు, పని రాయండి. డబ్బు లావాదేవీల టెక్నాలజీ అంతటినీ కలిపి 'ఫిన్‌టెక్ వద్దు' అన్న వాక్యం ఎందుకూ పనికిరాదు. చిన్న వ్యాపారికి క్యూఆర్ కోడ్ ద్వారా డబ్బు అందేలా చేయడమూ, అర్ధరాత్రి బెదిరింపు సందేశం పంపే సాఫ్ట్‌వేర్ రాయడమూ ఫిన్‌టెక్‌లోనివే.

రెండో అడుగు: ప్యాకేజీని విప్పి చూడండి

నీతి గురించి మాట్లాడుతూ మధ్యలో లెక్కలెందుకంటారేమో. మనం లొంగిపోయేది చాలాసార్లు అసలు లేని డబ్బుకు. అందుకే.

ఇప్పుడు మీకు 18 లక్షలు వస్తున్నాయి, దాదాపు అంతా ఫిక్స్‌డ్, అంటే ఖాయంగా వచ్చేది. కొత్త ఆఫర్ 30 లక్షలు అనుకుందాం. లెటర్ విప్పితే ఇలా ఉండవచ్చు: 4 లక్షలు ఇంకా మార్కెట్లోకి రాని కంపెనీ షేర్లు, 3 లక్షలు వేరియబుల్ (పనితీరును బట్టి మారేది), 2 లక్షలు జాయినింగ్ బోనస్. మిగిలిన ఫిక్స్‌డ్ 21 లక్షలు. అంటే నమ్మకంగా పెరిగేది ఏడాదికి 3 లక్షలే. 2025-26 నాటి కొత్త పన్ను విధానంలో 16 నుంచి 20 లక్షల మధ్య ఆదాయానికి 20 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. అది పోగా నెలకు చేతికొచ్చే తేడా ఇరవై వేల లోపే. ఫిక్స్‌డ్‌లోనే కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి చూపిస్తే ఇంకా తగ్గుతుంది. జాయినింగ్ బోనస్ ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలనే షరతు తరచుగా ఉంటుంది. షేర్లు సాధారణంగా నాలుగేళ్లలో విడతలుగా, మొదటి ఏడాది నిండాకే దక్కడం మొదలవుతాయి. మనసు ఒప్పుకోని చోట ఏడాదిలోపే బయటపడాలనుకుంటే ఈ రెండూ మీ చేతికి రావు.

ఇప్పుడు ప్రశ్న మారుతుంది. '12 లక్షలు ఎక్కువ వస్తుంటే వదులుకోవాలా?' అన్నది పోయి, 'నెలకు ఇరవై వేల కోసం ఈ పని చేయాలా?' అన్నది మిగులుతుంది. జవాబు అవునే కావచ్చు. తప్పు లేదు, ఆ ఇరవై వేలతో ఒక ఇల్లు నిలబడవచ్చు. కానీ ఏ అంకెకు ఒప్పుకుంటున్నారో తెలిసి ఒప్పుకోండి.

దీనికి జతగా ఇంకో లెక్క ఉంది. అద్దె, ఈఎంఐ, ఇంటికి పంపేది, చిట్టీ, మందులు కలిపి నెలకు కనీసం ఎంత కావాలో రాయండి. బ్యాంకులో ఉన్నదాన్ని దానితో భాగించండి. వచ్చినన్ని నెలలు మీరు ఎవరికైనా 'వద్దు' అనగలరు. నాకు 2019లో ఆ అంకె ఒకటిన్నర. నచ్చని పనిలో ఎనిమిది నెలలు ఉండిపోవడానికి సగం కారణం అదే. నోటీస్ పీరియడ్ చాలా కంపెనీల్లో 90 రోజులు, కొత్త ఉద్యోగానికి మరికొన్ని నెలలు పట్టవచ్చు. కాబట్టి ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి. జీతం పెరిగిన నెలలోనే నల్లగండ్లలో ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చేస్తే, ఆ కంపెనీ రేపు ఏం చేయమన్నా మీరు చేయవలసిందే. కారు, ఫ్లాటు కొనవద్దని చెప్పడం లేదు. ఆ నిధి నిండాక కొనండి.

మూడో అడుగు: ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోందో చూడండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే. నేను నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ ఉత్పత్తి వల్ల నష్టపోయేవారు ఎవరు? ఆ నష్టం గురించి వారికి తెలుస్తుందా? తెలిస్తే వద్దనగలరా? వారికి నష్టం జరిగినప్పుడు కంపెనీ లాభం పెరుగుతుందా, తగ్గుతుందా? నాలుగోదే అసలైనది. ఏ పనిలోనైనా పొరపాట్లు జరుగుతాయి. వాడేవారు దెబ్బతింటున్నకొద్దీ ఆదాయం పెరిగే వ్యాపారంలో ఆ దెబ్బను ఎవరూ సరిచేయరు.

నేను చేసిన పనిని వీటితో కొలిస్తే ఒక్కటీ నిలవలేదు. అప్పు తీసుకున్నవారికి తమ కాంటాక్టులు మా దగ్గరకు చేరాయని తెలియదు. వారి బంధువులకు అసలు ఏ అప్పుతోనూ సంబంధం లేదు. భయం ఎంత పెరిగితే వసూలు అంత పెరిగేది. 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు డిజిటల్ రుణాల మార్గదర్శకాలు ఇస్తూ, రుణ యాప్‌లు ఫోనులోని కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫైళ్ల జోలికి వెళ్లకూడదని స్పష్టం చేసింది. నేను రాసిన మోడల్‌కు తిండి పెట్టిన డేటా అదే. చట్టం వచ్చేదాకా అది తప్పు కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అందరికీ కనిపిస్తున్న తప్పును చట్టం ఆలస్యంగా రాసుకుంది, అంతే.

డబ్బు పందెం ఆటలదీ ఇదే తీరు. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. అయినా ఇతర రాష్ట్రాల ఆటగాళ్ల కోసం ఆ సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగాలు హైదరాబాద్‌లో మంచి జీతాలతో కొనసాగాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. రోజుల వ్యవధిలో పెద్ద వేదికలు ఆ ఆటలు ఆపేశాయి, వెంటనే ఉద్యోగాల కోతలు మొదలయ్యాయి. ఎక్కువ జీతంలో కొంత భాగం ఇలాంటి ప్రమాదానికి ముందే కడుతున్న ధర. ఆ ప్రమాదం మోసేది మీరే.

ఇక అంత తేలిగ్గా కనిపించని రకం ఉంది. అక్కడ ఎవరిదీ చెడు ఉద్దేశం కాదు. తెలంగాణ ప్రభుత్వం వివిధ శాఖల సమాచారాన్ని పేర్లు, చిరునామాల పోలికతో కలిపి చూసే 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థను వాడింది. అనర్హులను పట్టుకోవడం ఉద్దేశం. పేర్ల పోలిక పొరపాటున కలిస్తే కారు లేని మనిషికి కారు ఉన్నట్టు తేలుతుంది, బియ్యం ఆగిపోతాయి. క్షేత్ర పరిశీలన లేకుండా కంప్యూటర్ ఆధారంగా రేషన్ కార్డులు రద్దు చేశారన్న ఫిర్యాదుపై 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను తిరిగి పరిశీలించమని ఆదేశించింది. ఇలాంటి ప్రాజెక్టు మీ ముందుకొస్తే నేను వెంటనే వదులుకోమనను. మనసున్న ఇంజినీరు అక్కడ ఉండటమే అవసరం. కానీ ఒక ప్రశ్నకు జవాబు వచ్చేదాకా సంతకం చేయవద్దు: యంత్రం తప్పు చెబితే, ఆ మనిషి ఎవరి దగ్గరకు వెళ్లి, ఎన్ని రోజుల్లో సరిచేయించుకోగలడు?

డిజైనర్లకు ఒక మాట. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న 'డార్క్ ప్యాటర్న్స్', అంటే వాడేవారిని తప్పుదోవ పట్టించే డిజైన్ల నివారణకు మార్గదర్శకాలు ఇచ్చి 13 రకాలను పేర్కొంది. లేని హడావుడి సృష్టించడం, అడగని వస్తువును బుట్టలో వేయడం, చందా మానుకునే దారిని చిక్కుముడి చేయడం అందులో ఉన్నాయి. మీకు ఆఫర్ ఇచ్చిన కంపెనీ యాప్‌ను ఒక సాయంత్రం వాడి, ఆ పదమూడింటిలో ఎన్ని కనిపిస్తాయో లెక్కపెట్టండి. అది చాలు.

'పైవాళ్లు చెప్పారు, నేను రాశాను' అన్నది మనల్ని కాపాడుతుందనే నమ్మకం మన నగరంలో బలంగా ఉంది. 2015లో బయటపడ్డ ఫోక్స్‌వ్యాగన్ ఉద్గారాల మోసంలో, పరీక్ష జరుగుతున్నప్పుడు మాత్రమే కారు పొగ తగ్గించేలా సాఫ్ట్‌వేర్ తయారు చేయడంలో పాలుపంచుకున్న జేమ్స్ లియాంగ్ అనే ఇంజినీరుకు 2017లో అమెరికా కోర్టు 40 నెలల జైలు, 2 లక్షల డాలర్ల జరిమానా విధించింది. ఆయన కంపెనీ యజమాని కాదు. ఉద్యోగి.

నాలుగో అడుగు: పేరును నమ్మకుండా విచారించండి

హైదరాబాద్‌లో ఈ మాట చెప్పడానికి దూరం వెళ్లనక్కర్లేదు. ఇక్కడి ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌కు 2008 సెప్టెంబరులో కార్పొరేట్ పాలనలో ప్రతిభకు అంతర్జాతీయ అవార్డు దక్కింది. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు లేఖతో వేల కోట్ల రూపాయల లేని నగదును ఖాతాల్లో చూపించారని తెలిసింది. దాదాపు యాభై వేలమంది ఉద్యోగులు ఆ ఉదయం తమ కంపెనీ గురించి టీవీలో తెలుసుకున్నారు. అవార్డులు, అద్దాల భవనం, ఊళ్లో ఆ పేరుకున్న గౌరవం, ఏవీ సాక్ష్యాలు కావు.

సాక్ష్యాలు వేరే చోట్ల ఉంటాయి. కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో కంపెనీ పేరు కొడితే డైరెక్టర్లు ఎవరు, చివరి బ్యాలెన్స్ షీటు ఎప్పుడు దాఖలు చేశారు అన్నవి కనిపిస్తాయి. కొద్దిపాటి రుసుముతో పత్రాలు కూడా చూడవచ్చు. పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్‌ఓ సైటులో కంపెనీని వెతికితే ఏ నెలకు ఎంతమంది పేరిట పీఎఫ్ జమ చేశారో తెలుస్తుంది. 'మా దగ్గర మూడు వందలమంది' అని చెప్పిన చోట నలభైమందికే పీఎఫ్ పడుతుంటే అడగవలసిన ప్రశ్న దొరికినట్టే. కంపెనీ యాప్ కింద ఒక నక్షత్రం ఇచ్చినవారి వ్యాఖ్యలు ఓపికగా చదవండి. అక్కడ జనం ఏడుస్తున్నదే రేపు మీ పని.

అన్నిటికన్నా మెరుగైనది, అక్కడ పనిచేసి వెళ్లిపోయినవారితో మాట్లాడటం. ఫోనులో వద్దు, కలవండి. రాయదుర్గం మెట్రో దిగి నడిచేంత దూరంలో ఇద్దరు ఇరానీ చాయ్ తాగడానికి చోటు దొరుకుతుంది. 'జీతం ఎలా ఉంది' అని అడగకండి. 'ఏ రోజు ఇంటికి వెళ్లి పని గురించి చెప్పుకోలేకపోయారు?' అని అడగండి. మొదట నవ్వుతారు. తర్వాత చెబుతారు.

విదేశాల్లో డేటా ఎంట్రీ, లక్షన్నర జీతం, టికెట్ మేమే ఇస్తాం అనే ఆఫర్ల విషయంలో విచారణ కూడా అక్కర్లేదు. కంబోడియా, మయన్మార్‌లకు అలా వెళ్లిన తెలుగు పిల్లలను బంధించి సైబర్ మోసాలు చేయించారు. ఏజెంటు విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ వ్యవస్థలో నమోదు కాకపోతే మాట అక్కడితో ఆపేయండి.

ఐదో అడుగు: ఇంటర్వ్యూలో మీరూ ప్రశ్నలు అడగండి

హెచ్ఆర్ చివర్లో 'మీకేమైనా ప్రశ్నలున్నాయా' అని అడిగినప్పుడు మనం మొహమాటంతో 'లేవండీ' అంటాం. ఆ మొహమాటం ఒక్క రోజు పక్కన పెట్టండి. 'నేను చేరిన మొదటి మూడు నెలల్లో ఏ పని చేస్తానండీ?' 'ఈ ఉత్పత్తికి డబ్బు కట్టేది ఎవరు?' 'ఫలానాది చేయవద్దని మీ బృందం చివరిసారి ఎప్పుడు నిర్ణయించింది?' ఈ మూడు చాలు. మూడోదానికి ఒక ఉదాహరణ చెప్పగలిగిన మేనేజరు ఉన్నచోట పని చేయవచ్చు. 'అవన్నీ లీగల్ వాళ్లు చూసుకుంటారు' అన్న జవాబు నాకు 2019లో వచ్చింది.

ఇతర సంస్థలకు పని చేసిపెట్టే సర్వీస్ కంపెనీల్లో చిక్కు వేరు. క్లయింటు ఎవరో చేరాకే తెలుస్తుంది, ఒక్కోసారి అప్పుడూ తెలియదు. కనీసం రంగం చెప్పమనండి. ప్రాజెక్టు వద్దంటే బెంచ్ మీద, అంటే పని లేకుండా జీతంతో, ఎన్ని రోజులు ఉండనిస్తారో అడగండి. కాగితం మీద ఇవ్వకపోయినా, జవాబు చెప్పే తీరులో చాలా తెలుస్తుంది.

ప్రశ్నలు అడిగే హక్కు మనకూ నిజాయితీ ఉంటేనే. దొంగ అనుభవ పత్రం కొనుక్కుని, ఒకరి బదులు ఇంకొకరు ఇంటర్వ్యూ ఇచ్చి చేరినవారిని కంపెనీ ఎప్పుడైనా ఆ తీగ పట్టుకుని లాగగలదు. తప్పుడు పని చేయమన్నప్పుడు వారు నోరెత్తలేరు. అలా ఇరుక్కున్నవారిని నేను చూశాను.

ఆరో అడుగు: సంతకానికి ముందు షరతులు చదవండి

బయటకు వచ్చే తలుపు ఎంత వెడల్పు ఉందో చూడటమే ఇది. ఉద్యోగం మానేశాక పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం సాధారణంగా చెల్లదు. దానికి భయపడకండి. కానీ కనీసం ఇన్నేళ్లు పనిచేయాలి, లేకపోతే ఇంత కట్టాలి అనే బాండును తేలిగ్గా తీసుకోవద్దు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో 2 లక్షల రూపాయల బాండును సమర్థించింది. సందేహం ఉన్న ఉద్యోగంలో బాండు, పెద్ద జాయినింగ్ బోనస్ రెండూ ఉంటే, బోనస్ వద్దని చెప్పి బాండు తీసేయమనండి. ఒప్పుకున్న కంపెనీలు ఉన్నాయి.

ఏడో అడుగు: ఇంట్లో చెప్పండి

నేను చిన్న జీతానికి మారతానన్నప్పుడు అమ్మ అడిగిన మొదటి మాట, 'ఎవరైనా ఏమన్నా అన్నారా నాన్నా?' నీతి, అల్గారిథం అని మొదలుపెడితే ఆవిడకు భయం పెరిగింది. చివరికి ఇలా చెప్పాను: 'అమ్మా, రేపు బాబాయి వాయిదా కట్టలేకపోతే, నీ ఫోనుకు ముందు చేయాలని చెప్పే పని నాది.' ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. 'ఈ నెల చిట్టీ నేను కడతాలే' అని లేచి వెళ్లింది. మీ వాళ్లకూ పనిని పనిగా, ఒక మనిషికి జరిగేదిగా చెప్పండి. తగ్గే డబ్బు ఎంతో, ఎన్ని నెలల్లో సర్దుకుంటుందో కాగితం మీద చూపించండి. పెళ్లి సంబంధాల దగ్గర ప్యాకేజీ అడిగే రోజుల్లో ఇది తేలిక కాదని నాకు తెలుసు.

ఇప్పటికే లోపల ఉన్నవారికి

అప్పు ఉంది, ఇప్పుడే మానలేరు. అయితే బయటకు వచ్చే తేదీ రాసుకోండి, ఆ తేదీకి ఎంత పొదుపు కావాలో రాసుకోండి. అభ్యంతరాన్ని మెయిల్‌లో, మర్యాదగా, ఫలానా ఫీచర్ వల్ల ఫలానా నష్టం అని పెట్టండి. లిస్టెడ్ కంపెనీ అయితే 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుల యంత్రాంగం ఉండాలి, వెతకండి. కంపెనీ డేటాను మాత్రం ఇంటికి తెచ్చుకోవద్దు. న్యాయం మీ వైపు ఉన్నా కేసు మీ మీద పడుతుంది. చేయమన్నది నేరమే అయితే సహోద్యోగికన్నా ముందు లాయరును కలవండి.

ఒంటరిగా అడగడం కన్నా పదిమందిగా అడగడం బలం. 2018లో గూగుల్‌లో మూడు వేలమందికి పైగా ఉద్యోగులు సైనిక డ్రోన్ చిత్రాలను విశ్లేషించే ప్రాజెక్టును వ్యతిరేకిస్తూ లేఖ మీద సంతకాలు చేశారు. కంపెనీ ఆ కాంట్రాక్టును పొడిగించలేదు, ఆయుధాలకు ఏఐ వాడబోమని సూత్రాలు ప్రకటించింది. 2025 ఫిబ్రవరిలో ఆ హామీని సూత్రాల నుంచి తొలగించింది. అందుకే చేరిన రోజున సరిపోయిన ఉద్యోగాన్ని ఏడాదికోసారి మళ్లీ తూచుకోవాలి.

నేను సంక్రాంతి సెలవుల్లో ఆ పని చేస్తాను. మూడు భాగాల కాగితం, జీతం మీద పన్ను వివరాల ఫారం 16 పెట్టుకునే ఫైల్లోనే ఉంది. ఈ ఏడాది మధ్య గడిలోంచి ఒక పనిని మొదటి గడిలోకి మార్చి, పక్కన పొదుపు నెలల అంకె వేశాను. ఏడు.